కొమ్ము ఊదితే కూర్చునే గట్టు

ఈ పుస్తకంలోని కథ మీద అనుమానం ఉన్నవారికి ముందే ఒక సవాలు. తెల్లవారుజామున కృష్ణ రేవులో స్నానం చేసి, గట్టెక్కి, అమ్మవారి హారతి వేళకు మండపంలో నిటారుగా నిలబడండి. కొమ్ము మోగినప్పుడు కూడా అలాగే నిలబడగలిగితే ఈ పుస్తకాన్ని అక్కడికక్కడే చించి ఏట్లో కలిపేయవచ్చు. ఎవరూ నొచ్చుకోరు. ఇంతవరకు ఆ పని చేసిన మొనగాడు పుట్టలేదు. ఒక ఏడాది జాతరకు వచ్చిన పహిల్వాను, ఎద్దును భుజాన వేసుకుని మెట్లన్నీ ఎక్కినవాడు, మీసం దువ్వి మండపం మధ్యన కాళ్లు బారచాపి నిలబడ్డాడు. కొమ్ము మోగింది. తడిసిన గోనెసంచిలా కూలబడ్డాడు. వాణ్ని లేపడానికి నలుగురు వెళ్లారు, వాళ్లూ కూలబడ్డారు.

తక్కిన క్షేత్రాలలో హారతికి భక్తులు లేచి నిలబడతారు. కొమ్ముగట్టు మీద మాత్రం అందరూ కూర్చుంటారు. పూజారి కూర్చునే హారతి ఇస్తాడు. అమ్మవారు కూడా ఒక మోకాలు మడిచి, ఒక అరచేయి నేలకు ఆనించి కూర్చున్న రూపంలోనే ఉంటుంది. పండితులు ఆమెను ఆసీనాంబ అన్నారు, శ్లోకాలు కట్టారు, అంతా బాగానే ఉంది. చుట్టుపక్కల వారికి మాత్రం ఆమె కూకున్నమ్మే. గుడి వెనుక నుంచి ఏటి దాకా ఒకే బండ వాలుగా దిగుతుంది. అద్దంలా నున్నగా ఉండే ఆ బండ మీద పిల్లలూ పెద్దలూ కూర్చుని జారతారు. ఆ నునుపు నీళ్లు చేసింది కాదు, గాలి చేసింది కాదు. ఎవరు చేశారో చెప్పడానికే ఈ పుస్తకం.

పూర్వం ఇక్కడ గుడి లేదు, గట్టుకు పేరూ లేదు. గట్టు కింద, ఇప్పుడు జొన్నచేలున్న పల్లంలో, రవ్వల గుంటలుండేవి. రవ్వలంటే వజ్రాలు. ఉసిరికాయంత రవ్వ దొరికితే చిన్నదని మళ్లీ మట్టిలోకి విసిరేసేవారంటే ఆ గుంటల సంపద ఊహించుకోవచ్చు. వాటికి యజమాని బొల్లినాయడనే దొర. మట్టి తవ్వేవారు, తట్టలు మోసేవారు, కడిగి ఏరేవారు, అందరూ అతని బానిసలు. యుద్ధంలో చిక్కినవారు కొందరు, కరువులో అమ్ముడుపోయినవారు కొందరు, అక్కడే పుట్టి అక్కడే ముసలివారైనవారు ఎక్కువమంది.

వారి బతుకంతా ఒక ఇత్తడి కొమ్ము చేతిలో ఉండేది. ఆ కొమ్ము మోగితే అవతలి ఒడ్డున తోడుపెట్టిన పాలు విరిగేవి, తాటిచెట్ల మీద గెలలు రాలేవి. దానికి రెండే కూతలు. తెల్లవారకముందు లేపుడు కూత: కింది నుంచి పైకి పాకే మోత. అది వినగానే ఎక్కడివారక్కడ లేచి నిలబడాలి. పొద్దుగూకే వేళకు దించుడు కూత: పైనుంచి కిందికి జారే మోత. అది వినగానే ఎక్కడివారక్కడ కూర్చుని, నోరు తెరిచి, చేతివేళ్లు చాపాలి. భటులు వచ్చి, ఎవరైనా రవ్వ దాచారేమోనని నాలుక కింద, గోళ్ల సందున వెతికేవారు. లేవడంలో ఆలస్యమైనవాడి వీపు, కూర్చోవడంలో ఆలస్యమైనవాడి వీపు ఒకే రంగులో ఉండేవి. తరాలు గడిచేసరికి ఆ కూతలు చెవులకు చేరకుండానే కాళ్లకు చేరసాగాయి. ఉయ్యాలలో పసిబిడ్డలు సైతం లేపుడు కూతకు లేచి తాడు పట్టుకుని నిలబడేవారు.

కొమ్ము ఊదేవాడు కూడా బానిసే. పేరు గురవడు. తల్లి చనిపోతే అన్న తిరిపాలు, వదిన బూదమ్మ పెంచారు. బూదమ్మకు పిల్లలు లేరు. మరిదినే ఒళ్లో కూర్చోబెట్టుకుని అంబలి తాగించి పెద్దవాణ్ని చేసింది. వాడి ఊపిరి ఎప్పుడు నిండుగా ఉందో, ఎప్పుడు దగ్గు అడ్డం పడిందో కొమ్ము మోతలోనే ఆమెకు తెలిసిపోయేది.

ఇక తిరిపాలు సంగతి. గుంట గోడ కూలబోతే వీపు ఆనించి నిలబెట్టి, కింద ఉన్నవారంతా పైకెక్కేదాకా కదలని మనిషి. అతని గునపాన్ని మామూలువాళ్లు ఎత్తేవారు కాదు, ఈడ్చేవారు. అతను ఒక్క పోటు పొడిస్తే గుంటలో ఊట పడేదట.

ఒక వర్షాకాలం మొదట్లో బొల్లినాయడు బానిసల పిల్లలను సముద్రపు రేవులో ఓడలవారికి అమ్మడానికి ఒప్పుకున్నాడు. ఆ వార్త విన్నాక తట్టలు మోసే ఆడవాళ్లకు అన్నం దిగలేదు. తిరిపాలు కడుగుడు కళ్లం దగ్గర ఒక్కొక్కరి పక్కన వంగి మట్టి ఏరుతున్నట్టు నటిస్తూ ఒకటే మాట చెప్పుకుంటూ పోయాడు.

"రేపు కొమ్ము మోగదు. గురవడు ఊదడు. మోగనప్పుడు లేవండి. భటులు నిద్రలో ఉండగానే గునపాలు అందుకోండి."

అందరికన్నా ముసలివాడు బసివయ్య తాత. ఆయన తల గోక్కున్నాడు.

"మోగకపోతే ఎప్పుడు లేవాలిరా?"

"రోజూ మోగే వేళకే, తాతా."

"అది మోగితేనే కదరా ఆ వేళయిందని తెలిసేది!"

చుట్టూ ఉన్నవారు నవ్వు ఆపుకోలేక మట్టిలోకి ముఖాలు దించుకున్నారు. తిరిపాలు కూడా నవ్వాడు. బూదమ్మ నవ్వలేదు. తాత అన్నదే జరుగుతుందేమోనని ఆమెకు తోచింది.

అదే జరిగింది. మరునాడు కొమ్ము మోగలేదు. గుడిసెలలో అందరూ మేలుకునే ఉన్నారు. పిడికిళ్లు బిగించుకుని, పైకప్పు వైపు చూస్తూ, మోగకపోవడం కోసం చెవులు రిక్కించి పడుకున్నారు. మోగలేదు సరే, ఇంకా వేళ కాలేదేమో అనుకున్నారు. పక్కవాడు లేస్తే లేద్దామనుకున్నారు. పక్కవాడూ అదే అనుకున్నాడు. పుట్టిననాటి నుంచి తమంతట తాము ఎన్నడూ లేవని కాళ్లు, కావలసిన ఆ ఒక్కరోజున లేవలేదు. తిరిపాలు, బూదమ్మ, ఇంకో గుప్పెడు మంది మాత్రమే గునపాలతో భటుల కొట్టం ముందు నిలబడ్డారు.

ఆ గుప్పెడు మందే ఏం చేశారో వింటే ఒళ్లు జలదరిస్తుంది. తిరిపాలు ఒక్క పోటుతో కొట్టం స్తంభాన్ని విరిచాడు. పైకప్పు భటుల మీద గొడుగులా ముడుచుకుపోయింది. దొర కొత్తగా తెప్పించిన ఫిరంగిని మూతి పట్టుకుని వంచి, అది తనవైపు తానే గురిపెట్టుకునేలా చేశాడు. ఇంత చేసినా, మంది లేనిదే ఏం లాభం? తెల్లగా తెల్లవారి, గుడిసెలలోని వారు సిగ్గుతో, భయంతో బయటికి ఉరికేసరికి గుర్రపు భటులు వచ్చేశారు. తిరుగుబాటు పొద్దు పొడిచేలోపే ముగిసిపోయింది. చచ్చినవారు చచ్చారు. చిక్కినవారిని పెద్దగుంటలోకి దింపి నిచ్చెనలు పైకి లాగేశారు. మిగిలినవారు తిరిపాలు వెంట ఈ గట్టెక్కి, బలుసు పొదల్లో దూరారు.

అప్పుడు గట్టంతా నడుమెత్తు ముళ్లపొద. గుర్రం దూరదు, మనిషి దూరితే తోలు మిగలదు. వెనుకవైపు కృష్ణ నిండుగా పారుతోంది. అవతలి ఒడ్డు వేరే రాజ్యం, అక్కడ బొల్లినాయడి మాట చెల్లదు. ఏటి మధ్యలో ఏనుగురాయి అని ఒక బండ ఉంది. దాని వీపు బయటపడితే ఏరు కాలినడకన దాటవచ్చు. అది మునిగి ఉన్నంతకాలం గట్టు మీద ఉన్నవారు బోనులో ఉన్నట్టే. బూదమ్మ పొదల సందు నుంచి ఆ నీళ్లనే చూస్తూ కూర్చుంది. సుడులు తప్ప మరేమీ కనిపించలేదు.

బొల్లినాయడు గురవడిని చంపలేదు. కొమ్ములో ఆ కూతలు పలికించడం మరొకరికి చేతకాదు. మిగిలిన బానిసలను పనిలోకి లేపాలి గదా. కాలికి గొలుసు వేయించి, మెడ మీద కత్తి ఆనించి, మరునాడు లేపుడు కూత ఊదించాడు.

గట్టు మీద, ముళ్లపొదల మధ్య, పడుకున్నవారు పడుకున్నట్టే లేచి నిలబడ్డారు. పొదల పైన తలలు వరసగా కనిపించాయి, చేను మధ్య దిష్టిబొమ్మల్లాగా. గట్టు పక్కన వేసిన కాపలా మంచె మీద ఉన్న జమేదారు మొదట నమ్మలేకపోయాడు. తరువాత కడుపు పట్టుకుని నవ్వాడు. తలలు కనిపించిన చోటికి భటులు పొదలు నరుక్కుంటూ వెళ్లి, ఒక్కొక్కరినీ దుంపలు పెకిలించినట్టు లాక్కుపోయి పెద్దగుంటలో పడేశారు.

ఇంక వెతుకులాటతో పనేముంది? రోజూ తెల్లవారకముందు కొమ్ము మోగేది, రోజూ కొన్ని తలలు లేచేవి.

చెవులలో గుడ్డలు కుక్కుకున్నారు. ఆకులు నూరి పెట్టుకున్నారు. ఒకడు తలను నీటిమడుగులో ముంచి ఉంచాడు. నీళ్లు కారుతూ లేచి నిలబడ్డాడు. బూదమ్మ పగటివేళ అందరినీ కూర్చోబెట్టి, దోసిలి నోటికి అడ్డం పెట్టుకుని లేపుడు కూతను సన్నగా పలికి, లేవకుండా ఉండడం సాధన చేయించింది. బసివయ్య తాత ప్రతిసారీ లేచేవాడు.

"తాతా! మళ్లీ లేచావు!"

"నేను లేవలేదమ్మా, కాళ్లు లేచినయ్. వాటినడుగు."

"కాళ్లు నీవి కావా?"

"నావెప్పుడయినయ్? నాయడివి గదా!"

తాతను పల్లేరు తీగలతో, అడవి మల్లె తీగలతో నేలకు కట్టేశారు. మరునాడు కొమ్ముకు ఆయన తీగలతో సహా, పొదతో సహా, వేళ్లకు అంటుకున్న మట్టితో సహా లేచి నిలబడ్డాడు. లాక్కుపోతుంటే వెనక్కి తిరిగి కూడా చూడలేదు, చూస్తే మిగిలినవారు ఎక్కడున్నారో తెలిసిపోతుందని.

తిరిపాలు కోసం భటులు ప్రత్యేకంగా కాచుకుని ఉన్నారు. అతని తల కనిపిస్తే తుపాకీ కాల్చమని దొర ఆజ్ఞ. బూదమ్మ ప్రతి వేకువా మొగుడి గుండె మీద కూర్చునేది, తన కాళ్లు అతని నడుముకు మెలివేసి, జుట్టు రెండు చేతులా పట్టుకుని. కొమ్ము మోగగానే కింద ఆ మనిషి ఒళ్లు దున్నపోతులా పైకి లేచేది. ఆమె గాలిలోకి ఎగిరి మళ్లీ కూలబడేది.

"మావా, నా బరువు చాలేట్టు లేదు."

"గుంటలో బండ కూడా ఇంత బరువు లేదే. ఊపిరాడటం లేదు."

"ఆడకపోయినా ఫరవాలేదు. లేవకు."

పైకి నవ్వులాటే. ఈరోజు ఆపింది, రేపు ఆపగలదా? కొమ్ము ఆగాక చాలాసేపటి దాకా గుప్పిట్లు విప్పుకునేవి కావు. మొగుడి వెంట్రుకలు వేళ్లకు చుట్టుకుని ఉండేవి. ఏనుగురాయి వైపు చూసేది. నీళ్లు, నీళ్లు, నీళ్లు.

గట్టు మీద మిగిలినవారు గురవడిని తిట్టుకోసాగారు. "నీ మరిది ఊపిరే మాకు ఉరితాడు," అన్నారు.

"ఊదకపోతే చంపేస్తారు," అంది బూదమ్మ.

"చంపనీ! ఇంకొకడికి ఆ కూత రాదు. వాడు పోతే మన కాళ్లు మనకు దక్కుతాయి."

అది నిజమే. తిరిపాలు గునపం చేతిలోకి తీసుకున్నాడు.

"రేపు పొద్దుగూకేలోపు ఏరు తగ్గకపోతే నేనే దిగుతాను. వాడి గొంతు నేనే నొక్కుతాను. వాడు నా తమ్ముడు కాడు."

"మావా, ఒళ్లో పెట్టుకుని పెంచినవాణ్ణి..."

"పెంచింది నువ్వు. నీకు మరిదైతే కావచ్చు. నాకు మాత్రం కాడు."

బూదమ్మకు ఆ పూట నుంచి రెండు భయాలు. పైన ఉన్నవాడి తల లేస్తుందేమోనని ఒకటి, కింద ఉన్నవాడి ఊపిరి ఆగుతుందేమోనని ఇంకొకటి. మరునాడు కొమ్ము మోగినప్పుడు గురవడి ఊపిరిలో ఒక తడబాటు విన్నది. ఏడ్చేవాడు ఊదితే అలా ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు?

ఎండ ముదిరే వేళ మొగుడి మొలతాడు వేలికి చుట్టుకుని ఆమె కాస్త కన్ను మూసింది. అప్పుడొచ్చింది కల. ఏటి వైపు వాలుబండ మీద ఒక స్త్రీ, మోకాలు మడిచి, అరచేయి నేలకు ఆనించి కూర్చుని ఉంది. ఆమె కూర్చున్న తీరు చూస్తే భూమినే లేవకుండా అదిమిపెట్టినట్టుంది.

"నన్ను లేపడం ఏ కొమ్ముకూ చేతకాలేదు," అంది ఆమె. "మేకలదారిన పోకండి. నా ఒడిలోంచి పోండి."

"ఎవరమ్మా నువ్వు?"

"కూర్చున్నదాన్ని. కనబడటంలా?"

బూదమ్మ ఉలిక్కిపడి లేచి పొదల సందులోంచి చూసింది. ఏటి మధ్యలో నల్లగా, తడిగా, నీళ్లకు పైన ఏనుగురాయి వీపు మెరుస్తోంది.

అందరినీ మేల్కొల్పింది. మిట్టమధ్యాహ్నం కొమ్ము ఎన్నడూ మోగదు కాబట్టి వెంటనే బయలుదేరారు. ఏటికి రెండు దారులు. మేకలదారి మలుపుల వెంట పొదల చాటున దిగుతుంది, కాని చుట్టు ఎక్కువ. వాలుబండ తిన్నగా ఏట్లోకి దిగుతుంది, కాని దాని మీద పొద లేదు, గడ్డిపోచ లేదు, దాగడానికి నీడ లేదు. మంచె మీద నుంచి చూస్తే అరచేతిలో చీమల్లా కనిపిస్తారు.

"బండ మీదుగా పోదాం," అంది బూదమ్మ.

"నీకు మతి పోయిందా?" అన్నాడు తిరిపాలు.

"ఆమె చెప్పింది."

"ఎవరు చెప్పింది?"

బూదమ్మ తానే ముందు బండ మీదికి పాకింది. ఆమె వెనుక అతను, అతని వెనుక మిగిలినవారు. పొట్టలు బండకు ఆనించి, ఊపిరి బిగబట్టి పాకుతూ సగం దాకా దిగారు. అప్పుడు వరసలో చివరి మనిషి కాలి కింది నుంచి ఒక గులకరాయి జారింది. అది దొర్లుతూ, ఎగురుతూ, మొత్తం గట్టుకు వినబడేలా ఏట్లో పడింది.

మంచె మీద బొల్లినాయడు స్వయంగా ఉన్నాడు, జమేదారు భోజనానికి పోయాడని. ఆ చప్పుడుకు తల తిప్పాడు. ఎండకు తళతళలాడే బండ మీద ఏవో కదులుతున్నట్టుంది. మనుషులో, మేకలో తెలియలేదు. పక్కనే గొలుసుతో కూర్చున్న గురవడి మెడ పట్టుకుని లేపాడు.

"ఊదరా! లేపుడు కూత!"

గురవడు అటు చూశాడు. అన్న వీపు ఎంత దూరాన ఉన్నా గుర్తుపట్టలేని తమ్ముడుంటాడా? కత్తి మెడ మీద ఉంది. కొమ్ము నోటికెత్తాడు.

కింది నుంచి పైకి పాకే మోత గట్టంతా నిండింది. బండ మీద ఉన్నవారంతా లేచి నిలబడ్డారు. బూదమ్మ వెనక్కి తిరిగి, మొగుడి కాళ్లను వెనుక నుంచి వాటేసుకుని వేలాడింది, చెట్టుకు వేలాడినట్టు. అతను ఆమెను కూడా ఎత్తుకునే లేచాడు. ఎండలో అతని నెత్తి మెరిసింది.

"తిరిపాలు! అడుగో తిరిపాలు!" అని దొర అరిచాడు. భటులు తుపాకుల ఒత్తులు ముట్టించి గురి చూశారు.

గురవడు ఊపిరి తీసుకోలేదు. తీసుకుంటే కూత ఆగిందని దొరకు తెలిసిపోతుంది. అదే ఊపిరిలో, పైకెక్కిన మోతను అలాగే కొసదాకా లాగి, అక్కడి నుంచి కిందికి జార్చాడు. దించుడు కూత. పొద్దుగూకే వేళ తప్ప ఎన్నడూ మోగని కూత, నడినెత్తిన సూర్యుడుండగా మోగింది.

బండ మీద అందరూ ఒక్కసారిగా కూలబడ్డారు. తుపాకీ గుండ్లు నెత్తుల మీదుగా ఈలలు వేస్తూ ఏట్లో పడ్డాయి. ఆ కూతకు ఏళ్ల తరబడి కూర్చుని బానిసల నోళ్లు వెతికిన భటులు కూడా చటుక్కున కూర్చున్నారు. దొర కూర్చున్నాడు, దొర గుర్రం కూర్చుంది. కొంగలు ఇసుకలో కూర్చున్నాయి. ఏరే కాసేపు కూర్చుందని పాతవాళ్లు అంటారు. నీళ్లు మోకాటి లోతుకు దిగడం చూస్తే అది నిజమే అయి ఉండాలి.

కాని కొమ్ము ఆగలేదు. ఆగితే భటులు లేస్తారని గురవడికి తెలుసు. అది ఆగనంతకాలం బండ మీద ఉన్నవారు కూడా లేవలేరు. నోళ్లు తెరుచుకుని, వేళ్లు చాపుకుని, ఎండలో రాతిబొమ్మల్లా కూర్చుండిపోయారు. ఇట్లా కూర్చునే చచ్చిపోతామా? అప్పుడు బూదమ్మకు కలలో మాట తట్టింది. ఒడిలోంచి పొమ్మంది గాని, నడిచి పొమ్మనలేదు.

"కూర్చునే జారండి!" అని అరిచింది. "లేవొద్దు! జారండి!"

మొగుడి వీపును రెండు కాళ్లతో తన్నింది. తిరిపాలు జారాడు. అతని వెనుక ఆమె, ఆమె వెనుక అందరూ. బట్టలు చిరిగాయి, తోలు చిరిగింది. బండ వేడికి పొగలు లేచాయి. అయినా ఒక్కరూ లేవలేదు. గట్టు మీద నుంచి ఏటి దాకా మనుషులు కూర్చుని జారిన ఆ ఒరిపిడికే బండ ఇంత నునుపు తేలింది. నీళ్లలో పడ్డాక కూడా కూర్చునే, చేతులతో ఇసుకను తోసుకుంటూ, ఏనుగురాయి దాటారు.

అక్కడ, ఏటి నడుమ ఉండగా, కొమ్ము ఆగిపోయింది. నెమ్మదించలేదు. తెగిపోయింది.

అందరూ లేచి ఒడ్డుకు పరుగెత్తారు. బూదమ్మ ఒక్కతే, మళ్లీ నడుములోతుకు లేచిన నీళ్లలో నిలబడి వెనక్కి చూస్తూ ఉండిపోయింది. తిరిపాలు తిరిగి వచ్చి చేయి పట్టుకుని లాగాల్సి వచ్చింది.

బొల్లినాయడి కోపం తీరడానికి ఏదో ఒకటి కావాలి. మరునాడు కడిగిన మట్టి గుట్టలన్నిటినీ పెద్దగుంటలోకి తోయించాడు. అందులో చిక్కినవారంతా ఉన్నారు, బసివయ్య తాతతో సహా. అవతలి ఒడ్డు నుంచి కనిపించింది ఎర్రటి దుమ్ము మాత్రమే. అది ఆకాశం దాకా లేచి సూర్యుణ్ణి కప్పేసిందట. ఆ రోజు ఆ ఒడ్డున పొయ్యి వెలిగించినవారు లేరు. తప్పించుకున్నామన్న సంతోషం ఎవరికీ మిగలలేదు. మనం ఆ తెల్లవారుజామున మనంతట మనమే లేచి ఉంటే అని ఒక్కరూ నోరు తెరిచి అనలేదు, అందరూ అదే అనుకున్నారు.

గురవడి గతి ఏమైందో తెలియలేదు. నరికేశారని ఒకరు, ఏట్లో పారేశారని ఒకరు. బూదమ్మ ఏదీ నమ్మలేదు, ఏదీ కాదనలేదు. రోజూ వేకువన ఒడ్డుకొచ్చి చెవి ఒగ్గి నిలబడేది.

ఒక వేకువన ఇవతలి గట్టు మీద నుంచి కొమ్ము మోగింది. చీలిన మోత, గాలి కారిపోయే మోత. అయినా పైనుంచి కిందికి జారింది. దించుడు కూత. అవతలి ఒడ్డున ఉన్నవారంతా కూర్చుండిపోయారు, తిరిపాలు కూడా. బూదమ్మ కాళ్లు కూడా వంగాయి. ఆమె వాటి వైపు చూసింది.

"మీరు నావి," అంది.

అలా అని, లేచి, ఏట్లోకి నడిచింది. ఆ కూత వింటూ నిలబడ్డ మనిషి అంతకుముందు లేదు, తరువాతా లేదు.

బండ పైకొసన, ఒక నెర్రెలో, గురవడు పడి ఉన్నాడు. ఇంకెన్నడూ ఊదకుండా దొర అతని పెదవులు కోయించి, పళ్లు రాలగొట్టించి, చచ్చాడనుకుని గట్టు మీద నుంచి తోయించాడు. నెర్రెలో చిక్కుకుని, అక్కడ ఊరిన నీళ్లు తాగి బతికాడు. పక్కనే పడ్డ కొమ్మును చెంపకు ఆనించి ఎలాగో ఊదాడు. ఇంటివాళ్లను పిలవడానికి అతనికి వేరే గొంతు ఎక్కడుంది? వదినను చూసి, కోసిన పెదవులతో అడిగాడు:

"అన్న లేచాడా, వదినా?"

"లేవలేదురా అబ్బీ. కూర్చునే ఏరు దాటాడు."

అతన్ని ఎత్తుకోవడానికి వంగినప్పుడు ఆమె చూసింది. అతను ఆనుకుని ఉన్న రాయికి మోకాలు మడిచి ఉంది, అరచేయి నేలకు ఆని ఉంది. కలలో చూసిన ముఖమే. ఆ రాయే నేటి మూలవిరాట్టు. ఉలి తగలని స్వయంభువు.

గురవడిని వీపున వేసుకుని ఏరు దాటించింది. ఒడ్డున తిరిపాలు ఎదురొచ్చాడు. తమ్ముడి ముందు నేల మీద కూర్చుని, నోరు తెరిచి, చేతివేళ్లు చాపాడు. దాచుకున్నది ఏమీ లేదని చూపడానికి వారికి తెలిసిన పద్ధతి అదొక్కటే. గురవడు ఆ చాచిన చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు.

కాలక్రమాన రవ్వలు అడుగంటాయి. బొల్లినాయడి కోటలో నక్కలు కాపురం పెట్టాయి. అతనికి చివరి రోజులలో కొమ్ము మోగకుండా నిద్ర లేవడం చేతకాలేదని, పడుకున్న మంచం మీదే పోయాడని చెబుతారు. బూదమ్మ వాళ్లు తిరిగి వచ్చి అమ్మవారికి పందిరి వేసి పూజ మొదలుపెట్టారు. కాని బూదమ్మకు గుడిలో మనసు నిలవలేదు. గట్టు దిగి పెద్దగుంట ఉన్న చోటికి పోయి, ఒక తట్ట మట్టి తీసి పక్కవారి చేతికిచ్చింది. అదే తరువాత ఆచారమైంది.

నేటికీ మాఘమాసపు జాతరలో భక్తులు గుంట నుంచి ఏటి దాకా వరసగా కూర్చుంటారు. తట్టెడు మట్టి తీసి చేతి నుంచి చేతికి అందిస్తూ ఏట్లో కలుపుతారు. మొదటి దానిని బసివయ్య తట్ట అంటారు. వానలకు గుంట మళ్లీ పూడుతుంది, మళ్లీ తవ్వుతారు. ఈ తట్ట పట్టినవారికి చెరలో ఉన్న బంధువులు విడుదలై వస్తారని, ఊరు విడిచిపోయిన వారి కబురు అందుతుందని, నిద్రలో ఉలిక్కిపడే బిడ్డలకు ఆ భయం పోతుందని ప్రతీతి. మొక్కు తీరినవారు కానుకలేమీ ఇవ్వనక్కరలేదు. మరుసటి ఏడు వచ్చి ఇంకో తట్ట పడితే చాలు.

ఇన్ని తరాలుగా తవ్వినా గుంటలో ఒక్క ఎముక దొరకలేదు. ఇది విని నవ్వేవారున్నారు. అసలు గుంటే లేదు, మనుషులే లేరు అంటారు. అటువంటివారు నిరుడు జాతరలో జరిగినది తెలుసుకోవాలి. ఆ ఏడు వాన తక్కువై తవ్వకం మునుపెన్నడూ లేనంత లోతుకు దిగింది. ఏటి వైపు గోడ అడుగున, మట్టి జారి, ఒక బిలం నోరు బయటపడింది. మనిషి కూర్చుని తొలిస్తే ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తు. అంచుల మీద వేళ్ల గీతలు. అవి గుంట లోపలి నుంచి ఏటి వైపు పోయేవి. అది ఎక్కడిదాకా పోతుందో ఇంకా తెలియదు. తవ్వుతున్నారు. దానిలోకి భుజం దాకా చేయి పెట్టి చూసిన మనిషి, అవతలి నుంచి వేళ్లకు చల్లటి గాలి తగిలిందని అమ్మవారి ఎదుట ప్రమాణం చేసి చెప్పింది. ఇంకా ఎవరికైనా అనుమానం ఉంటే రేవు పక్క మూడో ఇంటికి వెళ్లి ఆమెనే అడగవచ్చు. ఆమె పేరు గంపల నాంచారమ్మ.